నాలుగంకెలు ఆయనవి, నాలుగు నావి

మొన్న కోడలి నగలు దాచడానికి కడపలో బ్యాంకుకు పోయినాం. లాకర్ల గదిలో ఆఫీసరు పిల్ల తన తాళంచెవి పెట్టి తిప్పి, "ఇప్పుడు మీది తిప్పండమ్మా, రెండూ పడితేనే తెరుచుకుంటుంది" అనింది. నాకు నవ్వు ఆగలేదు.

"ఎందుకమ్మా నవ్వుతారు?"

"ఏం లేదు తల్లీ. ఈ పాఠం నాకు మస్కట్‌లోనే అయిపోయింది. అణుబాంబులకు తాళాలు చేసినాయన చెప్పినాడు."

ఆ పిల్ల నన్ను చూసింది, మా కోడల్ని చూసింది. కోడలు కళ్లతోనే 'పట్టించుకోవద్దు' అనింది. వాళ్లననేదేముంది? మూడో తరగతితో బడి మానేసినదానికి బాంబు తాళాల సంగతి ఎట్ల తెలుస్తుందని ఎవరికైనా అనుమానం వస్తుంది. తెలుస్తుంది. ఏడేళ్లు ఆ తాళాలాయనకు కాఫీ పెట్టినాను.

ఆయనది అమెరికా. మస్కట్‌లో ఖురుం అనే పేటలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల తెల్ల ఇల్లు. భార్య పోయింది, ఒక కూతురు వాళ్ల దేశంలోనే ఉండేది. మస్కట్‌లో కరెంటు పనులకు సలహాలు చెప్పే ఇంజనీరు. అంతకు ముందు పాతికేళ్లు వాళ్ల దేశంలో బాంబులకు తాళాలు కట్టే పని. బాంబులు కాదు, తాళాలు. ఎవరైనా తెలియక "బాంబులు చేసేవాడివంట కదా" అన్నారంటే, వంటాయన్ని పట్టుకొని అంట్లు తోమేవాడివా అని అడిగినట్టు ముఖం మాడ్చుకునేవాడు.

మనిషి ఎంత పొడుగంటే, వాకిళ్ల కింద వంగి వంగి నడిచి, ఆ వంగడమే అలవాటై, బయట ఆకాశం కింద కూడా వంగే నడిచేవాడు. చేతికి రెండు గడియారాలు. ఒకటి ఎందుకు చాలదు సారూ అంటే, "ఒకటి తప్పు చెబితే?" అనేవాడు. "రెండూ వేరువేరు టైము చెబితే దేన్ని నమ్ముతావు?" అని నేను అడిగినాను. ఆయన "మంచి ప్రశ్న" అని వెళ్లిపోయినాడు. మర్నాడు చూస్తే చేతికి మూడు గడియారాలు.

మా మాటలు ఎట్ల సాగేవో చెప్పాలి. నాకు ఇంగ్లీషు రాదు, ఆయనకు తెలుగు రాదు. మధ్యలో డ్రైవరు. ఆయనది పాకిస్తాన్, లాహోరు పక్కన ఒక పల్లె. నేను కడపలో సాయిబుల వీధిలో పెరిగినదాన్ని కాబట్టి ఉర్దూ నాకు నోట్లో ఉంది. నేను ఆయన్ను భాయ్ అనేదాన్ని, ఆయన నన్ను బహెన్ అనేవాడు. సారు ఇంగ్లీషు భాయ్ నోట్లో ఉర్దూ అయ్యి నా దగ్గరికొచ్చేది, నా ఉర్దూ ఇంగ్లీషు అయ్యి తిరిగి పోయేది. పోనుపోను నాకు ఇంగ్లీషు కొంచెం పట్టుబడింది. సారుకు తెలుగు మూడు నాలుగు ముక్కలు పట్టుబడినాయి. వాటిలో ఆయనకు ప్రాణమైన ముక్క "చెప్పకూడదు".

పాత ఉద్యోగం సంగతులు కొన్ని బయటికి చెప్పనని ఆయన ప్రమాణం చేసి వచ్చినాడంట. నేను ఏదో అడిగితే ఇబ్బందిపడేవాడు. అందుకని నేనే నేర్పించినాను, "అట్లాంటప్పుడు 'చెప్పకూడదు' అను సారూ, చాలు" అని. నేర్పించి నా నెత్తికి తెచ్చుకున్నా.

"పప్పులో ఉప్పు సరిపోయిందా సారూ?"

"చెప్పకూడదు."

"రేపు మీ కూతురు ఫోను చేస్తుందా?"

"చెప్పకూడదు."

"చొక్కా మీద ఆ మరక ఏంది?"

చొక్కా చూసుకొని, చేత్తో కప్పుకొని, "అసలే చెప్పకూడదు" అనేవాడు.

ఆ మరక హల్వా మరక. ఆయనకు చక్కెర జబ్బు. మత్రా బజారులో అమ్మే ఒమాన్ హల్వా అంటే ఆయనకు పిచ్చి. నెయ్యి, కుంకుమపువ్వు వేసి నల్లగా, నిగనిగలాడుతూ జిగటగా ఉంటుందే, అది. డాక్టరు వారానికి ఒక్క చెంచా అన్నాడు. సారు ఆ ఒక్క చెంచాను బాంబు మాదిరి కాపాడటం మొదలుపెట్టినాడు.

వంటింట్లో అలమర చుట్టూ నేల మీద ఎర్ర టేపు అతికించినాడు. వాళ్ల పాత ఉద్యోగంలో బాంబు ఉండే చోట ఇట్లాగే గీత ఉంటుందంట. ఆ గీత దాటి ఎవరూ ఒంటరిగా పోకూడదు. ఎంత పెద్ద ఆఫీసరైనా సరే, పక్కన ఇంకొకడు ఉండాల. ఇద్దరికీ పని తెలిసి ఉండాల, ఒకడు చేసేది ఇంకొకడు చూస్తుండాల. "ఒక మనిషికి ఎప్పుడైనా పిచ్చి పుట్టొచ్చు పార్ట్‌నర్, ఇద్దరికీ ఒకే నిమిషంలో పుట్టదు" అనేవాడు. నన్ను పార్ట్‌నర్ అని పిలిచేవాడు. నా పేరు ఆయన నోటికి తిరగలేదు.

అలమరలో హల్వాతోపాటు ఉప్పు, చింతపండు కూడా ఉండేవి. దాంతో నాకు చింతపండు కావాల్సి వచ్చినప్పుడల్లా గ్యారేజీలో ఉన్న భాయ్‌ని కేకేయాల్సి వచ్చేది. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటా వచ్చి గీత లోపల నా పక్కన నిలబడేవాడు. "బహెన్, మా ఊళ్లో నేను చింతపండుకు కాపలా కాస్తున్నానని తెలిస్తే నా పెళ్లాం ఇంట్లోకి రానీదు" అనేవాడు.

గీత పెట్టిన నెల లోపలే దాన్ని పెట్టినాయనే దొరికిపోయినాడు. నేను గుడ్డలు ఆరేసి లోపలికొచ్చేసరికి, సారు గీతకు ఇవతల బుద్ధిగా నిలబడి, చీపురు కట్టెకు పెద్ద గరిటె కట్టి, అలమరలో హల్వా డబ్బాలోకి చాపి ఉన్నాడు. కాళ్లు మాత్రం గీత దాటలేదు. నన్ను చూసి, గరిటె దించకుండానే రెండో చేత్తో సెల్యూట్ కొట్టినాడు.

ఆ సాయంత్రమే డబ్బాకు రెండు తాళాలు పడినాయి. ఒక చెవి నాకు, ఒకటి భాయ్‌కి, ఆయనకు ఏదీ లేదు. రెండు రోజులు ఓర్చుకున్నాడు. మూడోనాడు నా దగ్గరికొచ్చి గుసగుసగా, "డ్రైవరు ఒప్పుకున్నాడు, నీదే ఆలస్యం" అన్నాడు. నేను కిటికీలోంచి భాయ్‌ని కేకేసినా, "ఏం భాయ్, ఒప్పుకున్నావంట?" అని. ఆయన బయటినుంచి, "నేనెక్కడ ఒప్పుకున్నా? బహెన్ ఒప్పుకుంది, నీదే ఆలస్యం అని ఇప్పుడే నాతో చెప్పి లోపలికొచ్చినాడు" అన్నాడు. ఇంకొకరైతే సిగ్గుపడేవాళ్లు. సారు రెండు చేతులూ చరిచి, "సిస్టమ్ పని చేస్తోంది!" అని చిన్నపిల్లాడి మాదిరి గంతులేసినాడు.

అట్లాంటి మనిషి నా పాస్‌పోర్టుకు పెట్టె చేసినాడు.

అక్కడికి వచ్చే ముందు నేను మస్కట్‌లోనే రూవీలో ఇంకొక ఇంట్లో పని చేసినాను. ఆ ఇంటామె నా పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకునింది. మా నాయన పోయినాడని టెలిగ్రాం వస్తే, రేపు ఇస్తా ఎల్లుండి ఇస్తా అని, పదో రోజు కర్మ కూడా అయిపోయినాక ఇచ్చింది. సారు ఇంట్లో చేరేటప్పుడు భాయ్ చేత చెప్పించినాను, "నా కాగితం నా పెట్టెలో ఉంటేనే పనిలోకి వస్తా" అని. ఆ రోజుల్లో అట్ల అడగడమే పెద్ద మాట. పనివాళ్ల పాస్‌పోర్టు పనిచ్చినవాళ్ల దగ్గర ఉండటమే వాడుక. సారు పనిచేసే కంపెనీవాళ్లు కూడా ఆయనకు అదే చెప్పినారంట, మీ దగ్గరే పెట్టుకోండి అని.

సారు రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. మూడోనాడు ఒక ఇనుప పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టినాడు. మూతకు పాత ఫోను బటన్లు బిగించి ఉన్నాయి. ఎనిమిది అంకెలు నొక్కితే తెరుచుకుంటుంది. మొదటి నాలుగు ఆయనవి, తర్వాతి నాలుగు నావి. ఆయనవి నాకు తెలియకూడదు, నావి ఆయనకు తెలియకూడదు. ఒకరు నొక్కేటప్పుడు ఇంకొకరు గోడవైపు తిరగాల. ప్రతి జనవరి ఒకటో తేదీకి ఇద్దరం మార్చుకోవాల. అయిదుసార్లు తప్పు కొట్టినా, పెట్టెను కోసినా, గట్టిగా కుదిపినా, లోపల స్ప్రింగు మీద పెట్టిన సిరాబుడ్డి పగిలి కాగితాలన్నీ నల్లగా అయిపోతాయి.

"బాంబు కూడా ఇంతే పార్ట్‌నర్. దొంగ ఎత్తుకుపోయి తప్పు అంకెలు కొడితే అది లోపల తనను తాను చంపుకుంటుంది. తర్వాత అది ఉత్త ఇనుము."

"అది బాంబు సారూ. ఇది నా పాస్‌పోర్టు. నాది నాకిచ్చేదానికి ఇంత కష్టం ఎందుకు?"

భాయ్ అనువాదం చేసినాడు. సారు "నీ ఒక్కదానివల్లా కాదు, నా ఒక్కడివల్లా కాదు. అంతకంటే న్యాయం ఏముంటుంది?" అన్నాడు. ఆ పెట్టెను చూసుకొని ఎంత మురిసిపోతున్నాడంటే, ఇంక నోరు మెదపలేకపోయినా. పాత ఇంటి కంటే ఇది నయమే కదా అనుకున్నా. ఆయన తన సొంత పాస్‌పోర్టు కూడా అందులోనే పెట్టినాడు. అది చూసి భాయ్ నాతో మెల్లగా, "బహెన్, ఇప్పుడు ఆయన దేశానికి పోవాలన్నా నీ అనుమతి కావాల" అన్నాడు. భాయ్ పాస్‌పోర్టు మాత్రం కంపెనీలోనే ఉండేది.

తొంభై ఎనిమిది మే నెలలో మన దేశం ఎడారిలో అణుబాంబులు పేల్చింది. శుక్రవారం నేను హమ్రియాలో మనవాళ్ల రూములకు పోయినప్పుడు కరీంనగర్ పిల్లగాళ్లు సంబరపడతా లడ్డూలు పంచుతున్నారు. నేను నాలుగు తెచ్చినా. భాయ్ ముఖం ముడుచుకొని, నాతో రెండు వారాలు అవసరానికి తప్ప మాట్లాడలేదు. చింతపండు కోసం కేకేస్తే వచ్చి, నా పక్కన నిలబడి, గోడ చూసేవాడు. రెండు వారాలకు వాళ్ల దేశం కూడా కొండల్లో పేల్చింది. భాయ్ జిలేబీ పొట్లం పట్టుకొని ఈలేసుకుంటా వచ్చినాడు. ఇప్పుడు నేను గోడ చూడటం మొదలుపెట్టినా.

సారు మమ్మల్నిద్దర్నీ వంటింట్లో బల్ల దగ్గర కూర్చోబెట్టినాడు. పొట్లం ముందే ఉన్నా జిలేబీ ముట్టుకోలేదు. అప్పుడే నాకు అర్థమైంది, విషయం పెద్దదని.

"చేసినారు, సరే," అన్నాడు. "తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?"

"ఢిల్లీలో ఉంటుంది" అన్నాను.

"అల్లా దగ్గర" అన్నాడు భాయ్.

"ఎన్ని చెవులు? ఎంతమంది దగ్గర? బాంబు పక్కన నిలబడినవాడి దగ్గరా, దూరంగా ఉన్న పెద్దవాళ్ల దగ్గరా?"

మాకేం తెలుసు? సారు అప్పుడు నెమ్మదిగా చెప్పుకొచ్చినాడు. బాంబు తాళానికి చెవి ఇనుముతో చేసింది కాదు, అంకెలే చెవి. బాంబు దగ్గర ఉండే సిపాయికి ఆ అంకెలు తెలియవు. అవి తెలిసిన పెద్దవాళ్లు బాంబు దగ్గర ఉండరు. పంపాల్సి వస్తే ఆ అంకెలను మామూలుగా పంపరు. వేరే అంకెల్లో కలిపి, మారుపేరు పెట్టినట్టు మార్చి పంపుతారు. దారిలో ఎవడు విన్నా వాడికి గందరగోళమే. ఇద్దరు సిపాయిలు ఎవరి కాగితం వాళ్లు తెరిచి, ఇది నిజంగా పెద్దవాళ్ల దగ్గరినుంచే వచ్చిందా అని సరిచూసుకోవాల. ఇద్దరూ ఔనంటేనే ముందుకు పోయేది.

"బాంబు చేసినవాడికి పేరొస్తుంది. మా తాళం బాగుంటే ఏమీ జరగదు. ఏమీ జరగలేదని ఎవడూ లడ్డూ పంచడు," అని లేచి పోయినాడు.

భాయ్ జిలేబీ ఒకటి తీసి నా ముందు పెట్టినాడు. "బహెన్, మనవాళ్లు పెట్టుంటారులే తాళం" అన్నాడు. "పెట్టే ఉంటారు భాయ్" అన్నాను. మేమిద్దరం మాట్లాడుకోవడం మళ్లీ అట్ల మొదలైంది.

ఆ ఏడాది చలికాలం మొదట్లో సారుకు పక్షవాతం వచ్చింది. పొద్దున కాఫీ తీసుకొనిపోతే మంచం పక్కన నేల మీద ఉన్నాడు. భాయ్, నేను కలిసి ఎత్తి కారులో వేసి ఆస్పత్రికి తీసుకుపోయినాం. కుడిచేయి, కుడికాలు పడిపోయినాయి. మాట ముద్దముద్దగా వచ్చేది, మాకిద్దరికి తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు.

అది జరిగిన తొమ్మిదో రోజు ఊరినుంచి ఫోను వచ్చింది. నా బిడ్డకు తొలి కాన్పు. ఎనిమిదో నెలకే కాళ్లు వాచి, బీపీ ఎక్కి, కడప ఆస్పత్రిలో పెట్టినారు. "తల్లినైనా పిల్లనైనా ఒకరినే దక్కిస్తామంటున్నారు అత్తా, నిన్నే కలవరిస్తోంది" అని అల్లుడు ఏడ్చినాడు. కంపెనీవాళ్లు మంచివాళ్లు, మర్నాడు మధ్యాహ్నం బొంబాయి విమానానికి టికెట్టు తెప్పించినారు. పాస్‌పోర్టు తెమ్మన్నారు.

పాస్‌పోర్టు పెట్టెలో ఉంది.

"ఘాలాలో నాకు తెలిసిన వెల్డింగ్ షాపు ఉంది, కోయిద్దామా?" అన్నాడు భాయ్.

"కోస్తే సిరా."

"ఎంబసీకి పోయి కొత్తది అడిగితే?"

"వారం పది రోజులు. నా బిడ్డ వారం ఆగుతుందా భాయ్?"

ఆస్పత్రికి పోయి సారుకు చెప్పినాను. ఆయన కళ్లు మూసుకొని విన్నాడు. "మీ నాలుగంకెలు చెప్పండి సారూ, నేను పోయి తీసుకుంటా" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపినాడు. నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది. ఆయన ఎడమచేత్తో నా కొంగు పట్టుకొని, ముద్దమాటతో, "పెట్టె... ఇక్కడికి... తే" అన్నాడు. పక్షవాతం వచ్చినా నియమం మాత్రం పోలేదు!

మర్నాడు పొద్దున్నే ఆ పెట్టెను నా ఒళ్లో పెట్టుకొని కారు వెనక సీట్లో కూర్చున్నా. కుదిపితే సిరాబుడ్డి పగులుతుంది. భాయ్ ఒకప్పుడు దూరాన సరిహద్దు దగ్గరున్న షినాస్ దాకా పోయి రొట్టెలు చల్లారేలోపల తిరిగొచ్చినానని గొప్పలు చెప్పుకునే మనిషి. ఆ రోజు ఎద్దులబండి కంటే నెమ్మదిగా తోలినాడు. వెనకనుంచి హారన్లే హారన్లు. ఒకాయన పక్కకొచ్చి అద్దం దించి, "ఏమైంది, కారులో గుడ్లున్నాయా?" అని అరిచినాడు. భాయ్ చెయ్యి బయటపెట్టి, "బాంబుంది!" అని అరవబోయి, నా ముఖం చూసి నోరు మూసుకున్నాడు.

వార్డులో సారుకు వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టినాం. పెట్టె ఆయన ఒళ్లో పెట్టినాం. ఆయన అందరి వైపూ చూసి, వేలు గుండ్రంగా తిప్పినాడు. తిరగమని. నేను తిరిగినాను, భాయ్ తిరిగినాడు. మలయాళీ నర్సమ్మ అర్థంకాక నిలబడి ఉంటే ఆమెను కూడా తిప్పించినాడు. ముగ్గురం గోడకు ముఖం పెట్టి, బడిలో తప్పు చేసిన పిల్లల మాదిరి నిలబడినాం. ఆయన ఎడమచేత్తో నొక్కినాడు. తర్వాత ఆయన కళ్లు మూసుకున్నాడు, నేను నావి నొక్కినా.

ఎర్రదీపం.

సారు నన్ను చూసినాడు, నువ్వే తప్పు కొట్టినావన్నట్టు. "నావి తప్పవు సారూ" అన్నాను. మళ్లీ తిరిగినాం. మళ్లీ ఎర్రదీపం. మూడోసారి కూడా ఎర్రదీపమే. ఇంక రెండే మిగిలినాయి. సారు చెయ్యి బటన్ల మీద ఆగిపోయింది. ఆ ముఖం నేనెప్పుడూ చూడలేదు. జీవితమంతా అంకెలతో బతికినాయన, నాలుగంకెల కోసం లోపల వెతుక్కుంటున్నాడు, దొరకడంలేదు. విమానానికి నాలుగు గంటలుంది.

ఆ ఇంట్లో ఎవరికీ చెప్పని ఒక సంగతి నాకు తెలుసు. ఆ పెట్టెకు బిగించినవి ఫోను బటన్లు. ఒక్కో బటనుకు ఒక్కో కూత. సారుకు పాత ఉద్యోగంలో పెద్ద మిషన్ల పక్కన ఉండి ఉండి సన్న శబ్దాలు వినపడవు. నాకు చదువు రాదు గానీ చెవి బాగా పనిచేస్తుంది. విన్నది మరిచిపోను. మొదటిసారి ఆయన నొక్కిన రోజే ఆ నాలుగు కూతలు నా తలలో పడినాయి. ప్రతి జనవరికి ఆయన అంకెలు మార్చేవాడు. ప్రతి జనవరికి నేను గోడవైపు తిరిగి వినేదాన్ని. వినకూడదని చెవులు మూసుకోవచ్చు. కానీ ఆయన కళ్లే తిప్పుకోమన్నాడు, చెవుల మాట చెప్పలేదు. ఇంట్లోనే తెరవొచ్చు గానీ, ఆయన చెప్పని అంకెలు నాకెట్ల తెలిసినాయంటే జవాబు లేదు కాబట్టి, ఆయన నోటితోనే చెప్పించుకుందామని చూసినా.

కాబట్టి గోడవైపు తిరిగి ఉన్న నాకు ఆయన ఏం చేస్తున్నాడో తెలిసిపోయింది. మొదటిసారి కొట్టింది పోయిన ఏడాది అంకెలు. రెండోసారి కొట్టింది దానికి ముందు ఏడాదివి. మూడోసారికి ఇంకా వెనక్కు పోయినాడు. ఈ ఏడాది ఒక్కటే ఆయన తలలోంచి పోయింది.

చెప్పకుండా ఎట్లా తెరవాలా అని ఆలోచించినా. ఆయన చెయ్యి పట్టుకొని, సాయం చేస్తున్నట్టు నటించి, ఆయన వేలితోనే నొక్కిస్తే? ఆయన తనకే గుర్తొచ్చిందనుకుంటాడు. నా చెయ్యి అంతదూరం పోయింది కూడా. ఆ కళ్లు చూసి మనసు రాలేదు.

"సారూ," అన్నాను, "నాకు తెలుసు."

భాయ్ అనువాదం చేయలేదు. అవసరం కూడా లేకపోయింది. నేను ఆయన ముందరే, ఆయన చూస్తుండగానే, ఆయన నాలుగూ నొక్కినా, నా నాలుగూ నొక్కినా. పచ్చదీపం. మూత టక్కున లేచింది.

సారు పెట్టె లోపలికి చూడలేదు, నన్నే చూస్తున్నాడు.

"ఎప్పటి... నుంచి?"

"పెట్టె వచ్చిన రోజునుంచి."

"ఏడేళ్లు?"

"ఏడేళ్లే."

"ఎప్పుడైనా... తెరిచినావా?"

అబద్ధం చెప్పొచ్చు. "ఒకసారి. మీరు అమెరికాకు పోయినప్పుడు. నా ఫోటో చూసుకొని మళ్లీ పెట్టేసినా. బాగాలేదు ఫోటో."

సారు ఇంగ్లీషులో ఏదో పెద్దగా అన్నాడు. నేను భాయ్‌ని చూసినా. "బహెన్, అది నేను ఆడవాళ్లకు చెప్పే మాట కాదు" అన్నాడు. కానీ సారు ఒళ్లంతా కదులుతోంది. నర్సమ్మ భయపడి పరుగెత్తుకొచ్చింది, మళ్లీ ఏదో వచ్చిందేమోనని. ఆయన నవ్వుతున్నాడు. సగం ముఖంతోనే నవ్వుతున్నాడు, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. చేత్తో చెవి చూపించి, బటన్లు చూపించి, తన తల మీద తానే మొట్టుకున్నాడు.

తర్వాత కాగితం, పెన్ను అడిగినాడు. ఎడమచేత్తో, చిన్నపిల్లల రాతతో, అరగంట రాసినాడు. నాకేమో విమానం. "సారూ, తర్వాత రాయొచ్చు కదా" అంటే వేలు చూపించి ఆగమన్నాడు. రాసి, కవరులో పెట్టి, అంటించి, నా పాస్‌పోర్టు మధ్యలో పెట్టి ఇచ్చినాడు. విమానాశ్రయంలో చూపించే చీటీ ఏమో అనుకున్నా. అడిగినవాళ్లు లేరు.

బొంబాయిలో దిగి, మద్రాసు రైలెక్కి, మర్నాడు కడపలో దిగినా. బిడ్డ నన్ను చూసి చెయ్యి పట్టుకొని, ఇంక వదల్లేదు. రెండోనాడు ఆపరేషన్ చేసి మనవరాలిని తీసినారు. ఇద్దరూ దక్కినారు. పిల్ల ఎంత చిన్నదంటే నా అరచేతిలో సరిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది కవరు. ఆస్పత్రి వరండాలో కూర్చొని అల్లుడి చేతికిచ్చినా. ఇంటరు చదివినాడు, ఆర్టీసీలో కండక్టరు. కూడబలుక్కొని చదివి చెప్పినాడు.

"ఇది రిపోర్టు అత్తా. పైన 'సంఘటన' అని ఉంది. రెండు సగాలూ ఒకే మనిషికి తెలియడం. ఎన్నాళ్లు, ఏడేళ్లు. కారణం, తాళం చేసినవాడు శబ్దం సంగతి ఆలోచించలేదు. అనుమతి లేకుండా తెరిచింది ఒకసారి, సొంత ఫోటో చూసుకోవడానికి. నష్టం, ఏమీ లేదు. తప్పు, తాళం చేసినవాడిది, పూర్తిగా. ఇకమీద పెట్టె వాడకూడదు. ఆమె కాగితం ఆమె దగ్గరే ఉండాలి, మొదటిరోజే ఇచ్చి ఉండాల్సింది."

కింద ఆయన సంతకం వంకరగా ఉంది. దాని పక్కనే ఒక గీత గీసి ఖాళీగా వదిలినాడు.

"ఇది నీకోసమే అత్తా, నువ్వు సంతకం పెడితేనే చెల్లుతుందని రాసినాడు. ఇద్దరు పెట్టాలంట." అల్లుడు జేబులోంచి పెన్ను తీసి ఇచ్చినాడు. "పెట్టు. నీకు మంచి సర్టిఫికెట్టు."

పెన్ను పట్టుకొని కూర్చున్నా. తప్పు పూర్తిగా ఆయనదేనని నేనెట్ల పెట్టేది? ఏడేళ్లు విని ఊరుకున్నది నేను కదా. ఆయన కష్టపడి చేసిన పెట్టె ముందు ప్రతి జనవరికి ఏమీ తెలియనిదాని మాదిరి గోడవైపు తిరిగింది నేను కదా. తిరిగిపోయి, ఆయన ఎదురుగ్గా కూర్చొని, భాయ్‌ని మధ్యలో పెట్టుకొని, సగం తప్పు నాదని రాయించి, అప్పుడు పెడదామనుకున్నా. గట్టిగా వాదించాలనే అనుకున్నా.

నేను తిరిగిపోయేలోపే కూతురు వచ్చి ఆయన్ను అమెరికాకు తీసుకుపోయింది. మరుసటి ఏడు భాయ్ ఫోను చేసి చెప్పినాడు, సారు పోయినాడని.

ఆ కాగితం నా దగ్గరే ఉంది. నా సంతకం నాకు బాగానే వచ్చు, ఒక నిమిషం పని. ఈ రోజుకీ పెట్టలేదు. ఆయన లెక్క ప్రకారం అది చెల్లదు. ఆ తప్పు ఇంకా ఎవరి పేరుమీదా పడలేదు.